దించిన కల్లు, కాచిన సారా

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ద్రాక్షతోటలు లేవు. అయినా వైన్ మీద రాసేవాళ్లు గొప్పగా చెప్పుకునే సరంజామా అంతా అక్కడ ఉంది. తాతల నాటి చెట్లున్నాయి. ఫలానా చెట్టు ఫలానా ఇంటిదని ఊరందరికీ తెలుసు. ఏడాదికోసారి కారు, అంటే పంట రుతువు, వస్తుంది, ఆ కారులో ఆ ఇంటి నుంచి పానీయం బయటికొస్తుంది. యూరప్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఒక కుటుంబం తన పాత తీగెల ఎర్ర వైన్‌ను ఈ ఏటికి విడుదల చేసిందంటే, విమర్శకులు రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టుకుని రంగు, వాసన, రుచి బేరీజు వేస్తారు. జగదల్‌పూర్ చుట్టుపక్కల సంతల్లో ఆ పని చేయాలంటే పక్కపక్కన పెట్టాల్సినవి జీలుగు కల్లు, ఇప్పసారా. అక్కడివాళ్లు మొదటిదాన్ని సల్ఫీ అంటారు, రెండోదాన్ని మహువా అంటారు. మనకు రెండూ కొత్త కాదు. మారేడుమిల్లి, చింతూరు, పాడేరు దారుల్లో జీలుగు కల్లు రుచి చూసినవాళ్లున్నారు. ఉట్నూరు వైపు ఇప్పపువ్వు ఏరిన చేతులున్నాయి. భద్రాచలం దాటి చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్ చేరే 30వ నంబరు జాతీయ రహదారి మీద భాష మారుతుంది, రాష్ట్రం మారుతుంది, చెట్లు మాత్రం మారవు.

బయటివాళ్లు ఈ రెండింటికీ ఇప్పటికే మార్కులు వేసేశారు. సల్ఫీకి ‘బస్తర్ బీరు’ అని పేరు పెట్టి పర్యాటకుల సరదాల ఖాతాలో రాశారు. ఇప్పసారాకు మాత్రం ఈమధ్య ‘వారసత్వ మద్యం’ అన్న పట్టం దొరికింది. సీసా వచ్చింది, లేబులు వచ్చింది, నగరాల బార్లలో చోటు వచ్చింది. నిలవుండేది ఘనమైనది, నిలవుండనిది అల్పమైనది అన్న లెక్క ఇది. నేలమాళిగల్లో పీపాలు పేర్చుకునే దేశాల నుంచి వచ్చిన లెక్క. బస్తర్‌లో దాన్ని వాడితే ఫలితం తారుమారవుతుందని నా అభిప్రాయం. ఎందుకు తారుమారవుతుందో చెప్పాలంటే చెట్టు దగ్గరి నుంచే మొదలుపెట్టాలి.

పాత తీగె అంటే ఎంత పాతది? దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా లోయవాళ్లు 2009లో దీనికి తరగతులు కట్టారు. 35 ఏళ్లు దాటితే పాతది, 70 దాటితే బతికి బట్టకట్టినది, 100 దాటితే శతాయువు, 125 దాటితే పూర్వీకుల వరస. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ కూడా 2024లో 35 ఏళ్లనే హద్దుగా పెట్టుకుంది. ముదురు తీగె తక్కువ కాస్తుంది, కాసినదాంట్లో సారం చిక్కగా ఉంటుంది, వేళ్లు లోతుకు దిగి ఉంటాయి గనక ఎండాకాలానికి జంకదు అంటారు. ఇందులో కొంత నిజం, కొంత అమ్మకపు మాట. ఏదైనా, తీగె వయసు సీసా ధరను పెంచుతుందన్నది మాత్రం నిఖార్సైన నిజం.

ఈ కొలతబద్ద జీలుగు చెట్టు ముందు చెల్లదు. చేప తోకలాంటి ఆకులతో, తాటిజాతిలో ఎక్కడ కనబడ్డా గుర్తుపట్టగలిగే చెట్టు అది. నాటిన పదేళ్లకో పదిహేనేళ్లకో తొలి గెల వేస్తుంది. ఆ గెల చెట్టు తల దగ్గర పుడుతుంది. తర్వాతిది దాని కింద, ఆ తర్వాతిది ఇంకా కింద. ఇలా కొన్నేళ్లపాటు పైనుంచి కిందికి దిగుతూ గెలలు వేసి, అట్టడుగు గెల అయిపోయాక చెట్టే చచ్చిపోతుంది. అంటే మనం తాగే ప్రతి గుక్కా ఆ చెట్టు చివరి ఏళ్లది. పుట్టింది మొదలు కాండంలో కూడబెట్టుకున్న చక్కెరనంతా పూతకు ఖర్చు చేస్తూ పోయే చెట్టు అది. ఆ ఖర్చును కత్తిపెట్టి మధ్యలో మళ్లించుకోవడమే గీత. ఇక్కడ ముదురు చెట్టుకు ప్రత్యేక గౌరవం ఉండదు. ముదిరిందంటే పోతోందని అర్థం. ఆ ఇంట్లో అప్పటికే దాని పక్కన ఇంకో మొక్క ఎదుగుతూ ఉండాలి, లేకపోతే పదేళ్లు నోరు కట్టుకోవాల్సిందే.

ఇప్పచెట్టు దీనికి పూర్తిగా ఎదురు. అదీ పూతకు రావడానికి పదేళ్ల దాకా తీసుకుంటుంది కానీ, వచ్చాక రెండు మూడు తరాలకు పూస్తుంది. తాత ఏరిన చెట్టు కిందే మనవరాలు ఏరుతుంది. పొలాల మధ్య అన్ని చెట్లూ కొట్టేసినా ఇప్పను వదిలేస్తారు. బస్తర్ పల్లెల్లో దుక్కి దున్నిన చేల నడుమ గొడుగుల్లా నిలబడినవి చాలామటుకు ఇప్పలే. పువ్వు ఇచ్చిన కొన్నాళ్లకు కాయ, కాయలో గింజ, గింజలో నూనె. బరోసావాళ్ల తరగతుల్లోకి బస్తర్ నుంచి ఏదైనా ఎక్కుతుందంటే ఇప్పే ఎక్కుతుంది. శతాయువులకు కొదవ లేదు.

అయితే ఆ వయసు సారాలోకి వస్తుందా? రాదు. పాత ద్రాక్షతీగె గొప్పంతా పండు రసంలో ఉంటుంది, ఆ రసమే పులిసి గ్లాసులోకి వస్తుంది. ఇప్పపువ్వు మొదట ఎండుతుంది, తర్వాత నానుతుంది, పులుస్తుంది, మరుగుతుంది, ఆవిరవుతుంది, ఆ ఆవిరి మళ్లీ నీరవుతుంది. ఇన్ని చేతులు మారాక తాతగారి చెట్టుకూ నిరుటి చెట్టుకూ తేడా ఏ నాలుకా పట్టలేదు. పైగా వ్యాపారి గోనెసంచిలో ఊరి పువ్వంతా ఒకటే. ఇంట్లో వాడుకునేటప్పుడు మాత్రం ఏ చెట్టు పువ్వు తియ్యనిదో, ఏది కాస్త వగరో ఆడవాళ్లకు తెలుసు. దాన్ని వేరుగా ఎండబెట్టి పిల్లలకు వేయించి పెడతారు. సారాకు ఎంచిన చెట్టు ఉండదు, తిండికి ఎంచిన చెట్టు ఉంటుంది. వారసత్వ మద్యమని సీసా మీద అచ్చు వేసేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

ఇక కారు సంగతి. వైన్‌కు కోత ఒక రుతువులో, విడుదల మరో రుతువులో. మధ్యలో పీపా. ఇప్పకు కూడా అంతే దూరం ఉంటుంది, పీపా ఒక్కటే ఉండదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రంతా పువ్వు రాలుతుంది. కండగలిగిన, మీగడరంగు పువ్వు. తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని తల్లీపిల్లలూ చెట్టు కిందికి చేరతారు. పొద్దెక్కితే పశువులు తినేస్తాయి, అంతకుముందే వెళ్తే ఎలుగుబంటి ఉండొచ్చు. రాలిన ఆకుల్లో పువ్వు దొరకదని ముందే చెట్టు కింద నిప్పుపెట్టి శుభ్రం చేసుకుంటారు. ఆ నిప్పు ఒక్కోసారి అడవిలోకి పాకుతుంది, అటవీశాఖకూ ఊరికీ ఏటా అదే తగువు. ఏరిన పువ్వు వాకిట్లో ఎండుతుంది. మీగడరంగు పోయి ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. ఎండిన పువ్వు బరువులో సగానికి పైబడి చక్కెరే కనక, తేమ తగలకుండా దాచుకుంటే ఏడాది పొడవునా ఎప్పుడంటే అప్పుడు సారా కాచుకోవచ్చు. పువ్వుకు కారు ఉంది. సారాకు లేదు.

జీలుగుకు కారు ఉండటమే కాదు, పూట కూడా ఉంది. చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా పొద్దునా సాయంత్రమూ మనిషి చెట్టెక్కాలి. కణుపుల దగ్గర కొమ్మల మొదళ్లు వదిలేసిన వెదురు గడను చెట్టుకు కట్టి దాన్నే నిచ్చెనగా వాడుకుంటారు. గెల చివర పలచగా చెక్కి కొత్త గాటు పెడతారు. గాటు మానితే ధార ఆగుతుంది. లోతుగా పడితే గెల పాడవుతుంది. బాగా కారే చెట్టు రోజుకు ఇరవై లీటర్ల దాకా ఇస్తుంది, ఓపిక తగ్గిన చెట్టు రెండు మూడుతో సరిపెడుతుంది. దించిన నిమిషం నుంచి గడియారం తిరగడం మొదలు. పొద్దున్నే తాగితే చల్లటి తీపి, కొబ్బరినీళ్లకు చిక్కదనం వచ్చినట్టు, మత్తు దాదాపు లేనట్టే. పది పదకొండింటికి నాలుక మీద చిన్న చిటపట మొదలవుతుంది, తీపి వెనక పులుపు తొంగిచూస్తుంది. సాయంత్రానికి పులుపే రాజు, పులిసిన పిండి వాసన వస్తుంది, బీరుపాటి మత్తు ఉంటుంది. మర్నాటికి పారబోయడమే. ఒకే కుండలో ఒకే రోజు మూడు పానీయాలు. తెలిసినవాళ్లు ఏ వేళకు సంతకు పోవాలో చూసుకుని పోతారు.

రుచి మీద నా తీర్పు మొహమాటం లేకుండా చెబుతాను. మధ్యాహ్నానికి ముందరి జీలుగు కల్లుకు సాటి రాగల ఇప్పసారాను నేను ఎక్కడా తాగలేదు. తీపి, పులుపు, ఆ చిటపట మూడూ ఒకదాన్నొకటి తొక్కకుండా ఉండే గంట ఒకటుంటుంది. తాటికల్లులో అది ఉంటుంది గానీ కొంచెం మొరటుగా ఉంటుంది, ఈతకల్లులో త్వరగా చెడిపోతుంది. జీలుగులో తీరిగ్గా నిలుస్తుంది. దాన్ని సొరకాయ బుర్రలోంచి ఆకు దొప్పలో పోసుకుని తాగితే ఆకు పసరు వాసన కూడా కలుస్తుంది. ప్లాస్టిక్ గ్లాసులో పోసిస్తే సగం పోయినట్టే. జగదల్‌పూర్ దగ్గరి సంతల్లో ఇప్పుడు రెండూ కనబడతాయి, అడిగి దొప్పలోనే పోయించుకోవాలి.

ఇప్పసారాను తక్కువ చేయడం లేదు. అది పనితనం చూపించే పానీయం. చూడదగ్గది కాచడమే. మట్టి పొయ్యి మీద పెద్ద కుండ, అందులో నాలుగైదు రోజులు నాని పులిసిన పువ్వు. దాని మీద ఇంకో కుండ బిగించి సందులన్నీ తడిమట్టితో మెత్తుతారు. పై కుండ పక్క నుంచి వెదురు గొట్టం బయటికొచ్చి, నీళ్లలో కూర్చోబెట్టిన మరో కుండలోకి దిగుతుంది. ఆవిరి ఆ గొట్టంలో నడిచి చల్లకుండలో చుక్కలవుతుంది. నీళ్లు వేడెక్కాయో లేదో చేయిపెట్టి చూసి మారుస్తూనే ఉండాలి. అసలు నేర్పు మంటలో ఉంది. మంట ఎక్కువైతే పువ్వు కుండకు అడుగంటి ఆ మాడు వాసన సారాలోకి వచ్చేస్తుంది, తర్వాత ఎన్ని చేసినా పోదు. మంట తగ్గితే చుక్క రాదు. మొదట దిగే సారాను కాస్త నిప్పుల మీద చల్లుతారు, భగ్గుమంటే ఘాటు సరిపోయినట్టు. చివర్లో దిగేది పలచనా, పుల్లనా. ఎక్కడ ఆపాలన్నది కాచేవాళ్ల తెలివి. లాభం చూసుకునేవాళ్లు ఆపరు.

బాగా కాచిన ఇప్పసారాలో ఎండుద్రాక్ష వాసన, దాని కింద కాస్త మగ్గిన గడ్డి, చివర పొగ ఉంటాయి. బాగా కాచనిదాంట్లో పొగ ఒక్కటే ఉంటుంది. ఇంటి సారాల్లో ఎక్కువశాతం రెండోరకమే అని ఒప్పుకోవడానికి ఆదివాసీ పక్షపాతులు ఇష్టపడరు, కానీ తాగినవాళ్లకు తెలుసు. అందుకు మంటతో పాటు పువ్వూ కారణమే. నేలమీద పడి, మట్టంటి, అరకొరగా ఎండి, వానాకాలం తేమకు బూజుపట్టిన పువ్వుతో ఏ కుండా అద్భుతం చేయదు. ఛత్తీస్‌గఢ్‌లో ఈమధ్య చెట్టు కింద వలలు కట్టి పువ్వు నేల తగలకుండా పట్టే పద్ధతి తెచ్చారు. తినే సరుకు కోసం తెచ్చింది గానీ సారాకూ మేలే. నిప్పుపెట్టే అవసరం కూడా తప్పుతుంది.

సీసాలోకెక్కిన ఇప్ప సంగతి ఇక్కడే చూడాలి. టెకీలా చేసే అగావే (కిత్తనార) జాతి మొక్కలతో మద్యం కాచి పేరు తెచ్చుకున్న డెస్మండ్ నజరెత్ 2018లో ఇప్పపువ్వు మద్యాన్ని గోవాలో అమ్మకానికి పెట్టారు. ఆయన బట్టీ ఉన్నది మన చిత్తూరు జిల్లాలో. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2021లో వారసత్వ మద్యం విధానం ప్రకటించింది, ఆ తర్వాత అలీరాజ్‌పూర్, డిండోరీ జిల్లాల్లో ఆదివాసీ సంఘాల చేత కాయించడం మొదలుపెట్టింది. మహారాష్ట్ర దహాణూలో ఒక పార్సీ కుటుంబం నడిపే సౌత్ సీస్ డిస్టిలరీస్ 2024లో ‘సిక్స్ బ్రదర్స్ మహురా’ అని విడుదల చేసింది. కుటుంబ వైనరీల పోకడకు మన దేశంలో అతి దగ్గరగా వచ్చినది ఈ చివరిదే. పని శుభ్రంగా ఉంటే సీసాలో మొదటి ఘాటూ చివరి పులుపూ తీసేసి నడిమి పాలే పట్టుకుంటారు, మాడు ఉండదు. వట్టి ద్రవాన్ని చూసి మార్కులు వేయమంటే శుభ్రంగా కాచిన సీసా ఇంటి సారా కంటే పైనే నిలుస్తుంది. దీన్ని దాచడం విమర్శ కాదు.

మరి నిలవుండేది గొప్పదన్న లెక్కను ఎందుకు ఒప్పుకోను? ఎవరికి నిలవుంటుంది అన్న ప్రశ్న ఒకటి ఉంది గనక.

బస్తర్‌లో పాత వ్యథ ఒకటుంది. వేసవిలో డబ్బు అవసరం, ఇంట్లో ఎండిన పువ్వు రాశి. సంతకు తెచ్చి అందరూ ఒకేసారి అమ్ముతారు, ధర పడిపోతుంది. వ్యాపారి కొని గిడ్డంగిలో పెడతాడు. వానలు పడ్డాక, పండగలూ పెళ్లిళ్లూ చావులూ వచ్చాక, అదే ఇంటివాళ్లు అదే పువ్వును ఎక్కువ ధర పెట్టి వెనక్కి కొంటారు. చెట్టు వాళ్లది, ఏరింది వాళ్లు, ఎండబెట్టింది వాళ్లు, నిలవ లాభం మాత్రం ఇంకొకరిది. 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం పువ్వు సేకరణ ధరను కిలోకు 30 రూపాయలకు పెంచాక కొంత ఊపిరాడిన మాట నిజమే. కానీ నిలవుండే సరుకు గుణమే అంత. దాన్ని పట్టి ఉంచగల స్తోమత ఉన్నవాడికే అది ఒదుగుతుంది. ఫ్రాన్స్‌లో తోట ఉన్న కుటుంబానికి నేలమాళిగ కూడా ఉంది. బస్తర్ ప్రాంతపు నారాయణ్‌పూర్‌లో చెట్టున్న కుటుంబానికి అటక తప్ప ఏమీ లేదు.

జీలుగు కల్లును ఏ వ్యాపారీ గిడ్డంగిలో పెట్టలేడు. పొద్దున దించినది సాయంత్రంలోగా అమ్ముడుపోవాలి, అమ్మేది దించిన ఇంటివాళ్లే. దళారికి అందులో దూరే సందే లేదు. చెడిపోవడమే దానికి రక్ష. కుటుంబానికి ఒక మంచి చెట్టుంటే కారు పొడవునా రోజూ చేతికి రొక్కం వస్తుంది. అందుకే ఆ చెట్టు ఆస్తి. కూతురికి పెళ్లిలో జీలుగు చెట్టు ఇచ్చే ఇళ్లున్నాయి, చెట్టు కోసం అన్నదమ్ములు కొట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి. చెట్టెక్కలేని యజమాని గీసే మనిషిని పెట్టుకుంటే కల్లులో అతనికి వాటా. తాగేది కూడా చెట్టు కిందే, పదిమందీ వలయంగా కూర్చుని. మొదటి దొప్పలోంచి కొన్ని చుక్కలు నేలమీద పెద్దల పేర వదులుతారు. ఇప్పసారాకూ అదే మర్యాద ఉంది. పుట్టుకకూ చావుకూ సంబంధం మాటకూ దేవరకూ ఇప్పసారా లేకుండా నడవదు. కర్మకాండలో ఇప్ప పెద్ద, రోజువారీ బతుకులో జీలుగు పెద్ద.

ఇక్కడ ఇప్ప వైపు నుంచి బలమైన వాదన ఒకటి వస్తుంది, దాన్ని దాటవేయలేను. జీలుగు మగవాళ్ల వ్యవహారం. ఎక్కేది మగవాడు, దించేది మగవాడు, చెట్టు కింద వలయంలో ఎక్కువమంది మగవాళ్లు. ఇప్ప ఆడవాళ్లది. ఏరేదీ ఎండబెట్టేదీ కాచేదీ సంతలో కూర్చుని అమ్మేదీ వాళ్లే, డబ్బు వాళ్ల కొంగున పడుతుంది. ఈ కోణంలో చూస్తే ఇప్పది పైచేయి. అయితే సీసా ఇప్పలో ఆ ఆడమనిషి ఎక్కడుంది? పువ్వు అమ్మే చోట ఆమె కథ ఆగిపోతోంది. కాచే చెయ్యి ఫ్యాక్టరీది. మధ్యప్రదేశ్ పద్ధతిలో స్వయం సహాయక సంఘాలకే బట్టీ అప్పగించడం ఇందుకు మెరుగు, కాదనను.

తెలుగువాళ్లకు సారా అన్న మాట వింటేనే ఒళ్లు జలదరించడానికి కారణం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధానికీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. మొగుళ్ల కూలి డబ్బులు పాకెట్ల పాలైతే పిల్లల పస్తులు చూసిన ఆడవాళ్ల కోపం అది. దానితో నాకు పేచీ లేదు. ఆ కోపం ప్రభుత్వ వేలంపాటల సారా మీదిది. నల్లబెల్లం, పటిక కలిపి ఊట వేసి కాచే గుడుంబాకూ ఇప్పపువ్వు సారాకూ చుట్టరికం పేరులోనే. రెంటినీ ఒకే గాటన కట్టి పోలీసులు కుండలు పగలగొట్టిన ఊళ్లు గోదావరికి ఇటూ అటూ ఉన్నాయి. తాగుడు ఆదివాసీ ఇళ్లనూ కూలుస్తుంది. అందులోనూ దాపరికం వద్దు. ఆ విషయంలో కాచిన సారా చేసే చేటు దించిన కల్లు చేసేదాని కంటే ఎక్కువ, ఘాటును బట్టి. నా తరాజులో జీలుగు వైపు ఒక రాయి ఇందుకు కూడా.

చట్టం రెండింటినీ ఒకేలా చూడలేదు. చూసి ఉంటే బాగుండేదని కాదు. ప్రభుత్వ ఖజానాకు కల్లు కంటే సారా మీద కన్నెక్కువ. బొంబాయి ప్రెసిడెన్సీలో 1892లో ఏకంగా ఇప్పపువ్వు మీదే చట్టం చేశారు, పువ్వు ఏరుకోవడం, నిలవ పెట్టుకోవడం కూడా నేరమయ్యేలా. అడవిలో రాలిన తిండిని నేరం చేయడం తెల్లదొరల ఆబ్కారీకే చెల్లింది. బస్తర్‌లో 1910లో గుండాధూర్ పేరుతో జనం చెప్పుకునే భూమ్‌కాల్ తిరుగుబాటుకు ప్రధాన కారణం అడవులను రిజర్వు చేయడం, వెట్టి. సొంత సారా మీద పడిన ఆంక్షలు కూడా ఆ రగులుతున్న దాంట్లో ఒక పుల్ల. అప్పటి రాజు రుద్రప్రతాప్ దేవ్, ఓరుగల్లు కాకతీయుల నుంచి వచ్చిన వంశమని చెప్పుకునే ఇంటివాడు. రాజు తెలుగు మూలాలవాడైనా ఉత్తర్వులు మాత్రం దొరలవే. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసులు ఇంటి అవసరానికి అయిదు లీటర్ల దాకా సారా పెట్టుకోవచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం ఇప్పపువ్వు లాంటి చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కు కూడా ఇచ్చింది. కాగితం మీద ఇప్పకు నూరేళ్ల తర్వాత న్యాయం జరిగింది.

జీలుగుకు అలాంటి చట్టపు పీడ పెద్దగా తగల్లేదు. దానికి తగిలింది ఇంకోటి. ఫ్యూజేరియం అనే బూజు. నేలలోంచి వేళ్లలోకి ఎక్కి చెట్టు లోపలి నీటి దారులను మూసేస్తుంది. ఆకులు వడలిపోతాయి, ధార సన్నగిల్లుతుంది, చెట్టు నిలువునా ఎండిపోతుంది. బస్తర్‌లో చాలా ఊళ్లలో ఇలా పోయిన మోళ్లు కనబడతాయి. యూరప్ ద్రాక్షకు 1860ల్లో ఇంతపాటి గండమే వచ్చింది. అమెరికా నుంచి వచ్చిన ఫైలోక్సెరా అనే పేనుజాతి పురుగు వేళ్లను తినేసి ఫ్రాన్స్ తోటలను తుడిచిపెట్టింది. చివరికి పురుగును తట్టుకునే అమెరికా వేరుకు ఫ్రెంచి కొమ్మను అంటుకట్టి బయటపడ్డారు. ఆ పురుగు చేరని బరోసా లాంటి చోట్లే ఇప్పుడు శతాయువు తీగెలు మిగిలాయి. పాత తీగె వైన్‌కు అంత విలువ రావడానికి ఆ విపత్తే సగం కారణం. తాటిజాతికి అంటు కుదరదు. ఒకటే మొగి, అది పోతే చెట్టు పోయినట్టే. జీలుగుకు ఆ దారి మూసుకుపోయింది. విత్తనం వేసి, మొక్క పెంచి, పది పదిహేనేళ్లు కాచుకోవడమొక్కటే మార్గం. బూజు ఉన్న నేలలో ఆ మొక్క నిలుస్తుందన్న పూచీ లేదు.

ఇప్ప మీద ఎన్ని పథకాలు! సేకరణ ధర, వలలు, లడ్డూలు, కుకీలు, సీసాలు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్ప లడ్డూ ఎంత పేరు తెచ్చుకుందో మనకు తెలుసు. అన్నీ మంచివే. చెడిపోని దానికే పథకం వస్తుంది, ఎందుకంటే ఫైలు కదిలే లోపల చెడిపోయే సరుకుతో ఏ శాఖా పని చేయలేదు. హైదరాబాద్ శివార్లలో ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్షతోటలుండేవి. అవి పోయేటప్పుడు కూడా ఎవరూ పెద్దగా బాధపడలేదు, ప్లాట్ల ధరలు బాగున్నాయి గనక. జీలుగు పోతే బాధపడటానికి రాసిపెట్టిన లేబుల్ కూడా ఒకటి మిగలదు.

కాబట్టి నా వరస ఇది. రుచిలో జీలుగు ముందు, శుభ్రంగా కాచి సీసాకెక్కించిన ఇప్ప తర్వాత, ఇంటి ఇప్పసారా ఆ తర్వాత. ఇంటి సారా అయినా వల మీద పట్టిన పువ్వుతో, ఓపికగల చేయి కాస్తే సీసాను దాటుతుంది. పనితనంలో ఇప్పకు ఎదురు లేదు. ఆడవాళ్ల రాబడిలోనూ ఇప్పదే ముందడుగు. దళారి చేతికి చిక్కకపోవడంలో, ఇల్లు గుల్ల చేయకపోవడంలో జీలుగుది. మొత్తం మీద జీలుగుకే నా ఓటు.

పాఠకులకు ఒక మాట. బస్తర్ వెళ్లేవాళ్లు జలపాతాలు చూసి వెనక్కి రాకుండా, చలికాలంలోనో ఎండలు ముదరకముందో ఒక సంత రోజు చూసుకుని మధ్యాహ్నంలోపు వెళ్లి జీలుగు కల్లు దొప్పలో పోయించుకోండి. అమ్మేవాళ్లు చెప్పిన ధరకు బేరం ఆడకండి. నగరంలో ఇప్ప సీసా కొనేవాళ్లు డబ్బు చెల్లించేముందు లేబుల్ చదవండి. ఏ జిల్లా పువ్వు, ఏ ఏటి పువ్వు, ఏరినవాళ్లకు కిలోకు ఎంత ఇచ్చారు? పాత తీగె వైన్ సీసా మీద ఊరూ ఏడూ అచ్చువేసి అమ్మగలిగినప్పుడు, ఇప్ప సీసా మీద ఈ మూడూ అచ్చువేయడం కష్టమేమీ కాదు. లేకపోతే తయారీదారుకు రాసి అడగండి.